వాన ఆగలేదు

మన సంఘ పత్రికలో నా గురించి అచ్చువేసిన సాక్ష్యం చదివాను. మామిడి తాండ్ర చాపల మీదికి మబ్బు కమ్ముకొస్తే నేను మోకాళ్ళూని ప్రార్థించానట, వాన ఆగిపోయిందట. రెండేళ్ళుగా కూటాల్లోనూ ఇదే చెబుతున్నారు. నేను తల వంచుకుని కూర్చుంటే దాన్ని కూడా వినయం అనుకున్నారు. సహోదరీ సహోదరులారా, వాన ఆగలేదు, కుండపోతగా కురిసింది. నేను ప్రార్థించనూ లేదు. దేవుడు చేసిన పని వేరే ఉంది, దాన్ని వదిలేసి చేయని పనిని ఆయనకు అంటగడితే అది మహిమ ఎలా అవుతుంది?

మొదటి నుంచీ చెబుతాను. నేను నూజివీడులో ఒక జూనియర్ కాలేజీలో కామర్స్ చెప్పేదాన్ని. గర్భసంచి ఆపరేషన్ తరవాత నిద్ర పట్టకపోతే డాక్టరు గారు పది రోజులకని రాసిచ్చిన మాత్రలు, అదే పాత చీటీ చూపించి కొనుక్కుంటూ మూడేళ్ళు మింగాను. మొదట రాత్రికి ఒకటి, తరవాత మధ్యాహ్నానికీ ఒకటి. ఉద్యోగం మానేశాను. ఇల్లంతా నీళ్ళ అడుగున ఉన్నట్టుండేది, మా ఆయన పక్కగదిలోంచి పిలిస్తే ఆ పిలుపు ఎక్కడో పైన తేలుతూ నా దాకా దిగి వచ్చేది. కిటికీ అవతలి తోటలో కోతలు మొదలైనట్టు వాసన రావడం వల్ల తెలిసేది, ముగిసినట్టు వాసన పోవడం వల్ల తెలిసేది, ఆ రెంటి మధ్యా ఏం జరిగిందో మాత్రం తెలిసేది కాదు.

నోరు ఒక్కటే పడుకోలేదు. చూడటానికి వచ్చిన పాస్టరు గారితో కూడా గొడవ పెట్టుకున్నాను. ఆయన ఓపిగ్గా విని, "అమ్మా, ఇంట్లో గోడలతో వాదించే బదులు హాలుకొచ్చి మా పిల్లలతో వాదించండి, వాళ్ళైతే తిరిగి జవాబు చెబుతారు" అన్నారు.

చర్చి వెనక హాల్లో బడి మానేసిన ఆడపిల్లలకు తాండ్ర చేయడం, సొంతంగా అమ్ముకోవడం నేర్పుతున్నారు. అందరూ తోటల్లో కాయ కోసే కూలీల పిల్లలే, కోతల వెంట ఊళ్ళు తిరగడంలో చదువు తెగిపోయినవాళ్ళు. వ్యాపారం పాఠం నాకిచ్చారు. తాండ్ర పాఠం మాత్రం నాకే చెప్పింది చాట్రాయి నుంచి వచ్చిన దీవెన అనే పిల్ల. రసాన్ని చాప మీద పల్చగా పోసి, ఎండనిచ్చి, ఆరాకే దాని మీద మరో పొర పోయాలి. రోజుకు రెండు పొరలు పోస్తే త్వరగా అమ్ముకోవచ్చు కదా అన్నాను నేను.

"మీ మార్కెటింగు మీరు చెప్పండి మేడం గారూ, వింటాను. పొర ఆరకుండా ఇంకోటి పోస్తే మాత్రం అడుగున పులుస్తుందండి, దానికి మీ డిగ్రీ సంగతి తెలీదు" అంది.

మూడేళ్ళలో మొదటిసారి నవ్వాను. అయినా సంచిలో మాత్రల అట్ట ఉండనే ఉంది.

ఆ వేసవి సరుకు కొనేవాళ్ళు దొరికితేనే శిక్షణ సాగుతుందని, లేదంటే హాలుకు తాళమేనని సంఘ పెద్దలు తేల్చేశారు. టౌనులో ఒక వ్యాపారి శనివారం వచ్చి రుచి చూస్తానన్నాడు. గురువారం పిల్లలంతా ప్యాకింగు చూడటానికి టౌనుకు బయల్దేరారు. ఆరుబయట ఎనిమిది చాపలు, కాపలాకు నేను.

"మబ్బు పడితే లోపలికి లాగాలి. ఒక్కరూ లాగగలరా మేడం గారూ?" అంది దీవెన.

"దానికి డిగ్రీ అక్కర్లేదులే, వెళ్ళు" అన్నాను.

వాళ్ళు మలుపు తిరగ్గానే మాత్ర వేసుకున్నాను. హాల్లో నేల మీద కూర్చుని, బెంచీ మీద చేతులు, చేతుల మీద తల. కలలో తాండ్ర మీద నడుస్తున్నాను. తేనె రంగు నేల, దాని అడుగు నుంచి వెలుగు, అడుగేస్తే పాదం కాస్త అంటుకుని మెల్లగా వదులుతోంది, దూరాన ఎవరో గవ్వలు గుమ్మరిస్తున్నారు, ఇక వెనక్కి రానక్కర్లేదన్నంత హాయిగా ఉంది. ఆ గవ్వల చప్పుడే వాన అని తరవాత తెలిసింది. అంతలో పైనుంచి ఒక గొంతు, దీవెనది. "ఉష్, మేడం గారు ప్రార్థనలో ఉన్నారే. కదపకండి."

కళ్ళు తెరిచేసరికి తడిసి ముద్దయిన పిల్లలు. బస్టాండు దగ్గర మబ్బు చూసి ఆటో ఎక్కి వెనక్కొచ్చారట. ఆరు చాపలు లోపలికి చేర్చేశారు, రెండు బయట వానలో కరిగి మట్టిలో కలుస్తున్నాయి. "ఎంతసేపటి నుంచి చేస్తున్నారండీ ప్రార్థన?" అని ఒక పిల్ల భక్తిగా అడిగింది. ప్రతి మాటకూ ఎదురుచెప్పే నేను ఆ ఒక్క మాటకు చెప్పలేదు.

సాయంత్రం పిల్లలు వెళ్ళాక అదే బెంచీ దగ్గర నిజంగా మోకాళ్ళూనాను. "ప్రభువా, నేను నీతో మాట్లాడుతున్నానని దీవెన చెప్పింది. నేను మాట్లాడలేదని నీకు తెలుసు. ఆ పిల్ల మాట అబద్ధం కానివ్వకు, ఇప్పుడైనా నిజం చెయ్యి. ఎనిమిది చాపలకు కాపలా కాయలేకపోయాను, నాకు నువ్వే కాపలా ఉండు."

మర్నాడే మా ఆయనకు అంతా చెప్పి ఆస్పత్రికి వెళ్ళాను. ఒక్కసారిగా మానకూడదని డాక్టరు గారు నెలల తరబడి కొంచెం కొంచెంగా తగ్గిస్తూ వచ్చారు. చేతులు వణికిన రోజులున్నాయి, గోడ పట్టుకుని ఏడ్చిన రోజులున్నాయి, అన్నీ దాటి ఇప్పుడు ఏడాది పైగా మాత్ర ముట్టలేదు. ప్రార్థన ఉండగా డాక్టరెందుకని అడిగేవాళ్ళున్నారు. నన్ను ఆ ఆస్పత్రి మెట్లు ఎక్కించింది ఎవరనుకుంటున్నారు మీరు?

ఆ శనివారం వ్యాపారి వచ్చాడు, ముక్క తుంచి చాలాసేపు నమిలి, "పండు రుచి పోలేదండీ" అని ఆరు చాపల సరుకూ తీసుకున్నాడు. హాలుకు తాళం పడలేదు. దీవెన ఇప్పుడు బాపులపాడులో సొంతంగా తాండ్ర చేస్తోంది, ఇద్దరు పిల్లలకు నేర్పుతోంది కూడా.

నాలాగే సంచిలో ఏదో దాచుకుని ఈ పత్రిక చదువుతున్నవారు ఎవరైనా ఉంటే, ముందు బాగుపడి ఆ తరవాత ఆయన దగ్గరికి వెళ్దామని ఆగకండి. నిద్రపోయినవాళ్ళ దగ్గరికీ ఆయన వస్తాడు, నమ్మండి. నా కోసం ఆయన మబ్బును ఆపలేదు, ఆ పిల్లల్ని వెనక్కి పంపాడు. మహిమంతా ఆయనదే.

ఒక్క సంగతి మాత్రం నాకింకా తేలలేదు. ఫోన్లో ఎన్నిసార్లు అడిగినా దీవెన "మబ్బు పడుతోంది మేడం గారూ, చాపలు తీయాలి" అని పెట్టేస్తుంది. ఈ పత్రిక తన ఇంటికీ వెళ్తుంది కాబట్టి ఇక్కడే అడుగుతున్నాను. నేను తల వాల్చినప్పుడు మాత్రల అట్ట బెంచీ మీద, నా చేతి పక్కనే ఉంది. లేచేసరికి అది నా సంచి లోపలి అరలో ఉంది. దీవెనా, ఆ రోజు నేను ప్రార్థిస్తున్నానని నువ్వు నిజంగా అనుకునే అన్నావా?