నేను చూడని దెయ్యం

దెయ్యం సినిమాకు రెండో భాగం వచ్చిందని మొన్న మా మనుమరాలు టికెట్లు తెచ్చింది. ఇస్తూనే తీర్పు కూడా చెప్పేసింది. "దూస్రా పార్ట్ ఎప్పుడు గిట్లనే ఫాల్తూ ఉంటది తాతా. పైలా పార్ట్‌ల గూడ డర్ ఏం లేదు, ఫోన్ల చూసిన." అరచేతిలో చూసి, మధ్యలో ఆపి చాయ్ తాగొచ్చి, భయం లేదంటుంది! నేను బడికి పోలేదు. దుకాణాల బోర్డులు, పొట్లం కాగితాలు చదివి అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. అయినా ఒకటి తెలుసు, బొటనవేలితో ఆపగలిగితే అది దెయ్యమే కాదు.

మొదటి భాగం నేను, నా భార్య చూసింది కరెంటు మగ్గాల పనికి వలసపోయిన కనేరిలో, పెళ్లైన కొత్తలో. వీడియో హాలంటే తలుపులు మూసిన రేకుల షెడ్డు, ఒక టీవీ, నేల మీద చాపలు, బీడీ పొగ. శుక్రవారం మగ్గాలకు సెలవు, మావాళ్లంతా అక్కడే. సినిమా నిండా గాలి, వాన, గుర్రపు డెక్కలు. ఆ మోతకు నా భార్య నా భుజం మీద హాయిగా నిద్రపోయింది. మగ్గాల మధ్య బతికేవాళ్లకు నిద్ర పట్టేది చప్పుడులోనే. సరిగ్గా తలుపు తెరుచుకుని దెయ్యం వచ్చేముందు సినిమాలో మోతంతా ఆగిపోయింది. ఆమె దిగ్గున లేచి, "కరెంటు పోయింది! బటన్లు బంద్ చెయ్యుండ్రి, పోగులు తెగుతయ్!" అని అరిచింది. స్విచ్చి ఆపకపోతే, కరెంటు తిరిగొచ్చినప్పుడు మగ్గం ఒక్క ఉదుటున కదిలి పోగులు తెంపేస్తుంది. ఆ కేకకు కునికేవాళ్లంతా లేచారు. గోడ పక్కనున్న మా బావ అలవాటుకొద్దీ చెయ్యి చాపి స్విచ్చి ఆపేశాడు. టీవీ ఆరిపోయింది. ఆ చీకట్లో లేచిన కేకలు నేను ఏ సినిమాలోనూ వినలేదు. నా భార్య నా చెయ్యి విరిగేలా పట్టుకుంది. ఆ ముక్క మళ్లీ వెయ్యమంటే హాలాయన, "మీకు సినిమా ఎందుకుర? పోయి మగ్గాలు నడుపుకోండ్రి!" అని తిట్టాడు. అట్లా ఆ తలుపులోంచి ఏమొచ్చిందో మాకు తెలియకుండానే పోయింది.

ఇప్పుడు ఆమెకు చెవులు దాదాపు వినబడవు. మగ్గాలే తీసుకున్నాయి. పదిమందిలో కూర్చున్నా ఒంటరే. పిలిస్తే ఉలకదు, నవ్వేచోట నవ్వదు. ఇంకొక్కసారి అట్లా ఉలిక్కిపడితే చూడాలని నా ఆశ. అందుకే మనుమరాలితో వాదించకుండా ముగ్గురం పోయాం. సినిమా చూస్తుంటే ఒళ్లు మండింది. దెయ్యానికి చిన్నతనమట, కన్నీళ్లట, దానికో న్యాయమట! ఇంత సంజాయిషీ చెప్పుకునే దెయ్యానికి ఎవరు భయపడతారు? మోత మాత్రం కుర్చీలు అదిరేంత. ఆ అదురుకు నా భార్య చెప్పులు విడిచి, నేలకు కాళ్లు ఆనించి నిద్రపోయింది. టికెట్లు దండగ అనుకున్నాను. ఇంతలో మళ్లీ అదే తలుపు. మోత ఆగింది, నేల అదురూ ఆగింది. ఆమె దిగ్గున లేచి నా చెయ్యి పట్టుకుని, హాలంతా వినబడేలా "కరెంటు పోయిందా ఏంది?" అంది. ముందు వరుసలో ఎవరో పకపకా నవ్వారు. తర్వాత ఆమెకే గుర్తొచ్చి, "గప్పటి లెక్కనే అయిందిగదయ్యా" అని చాలా రోజుల తర్వాత నవ్వింది. నేను ఆమె మొహమే చూస్తూ ఉండిపోయాను.

బయటికొచ్చాక మనుమరాలు అడిగింది. "చెప్పు తాతా, మొదటి దాని లెక్క ఉన్నదా?"

"ఉన్నది బిడ్డా. గిప్పుడు గూడ దెయ్యాన్ని చూడలే."

కాలం ఆమె చెవుల్ని తీసుకుపోయింది గాని, అరికాళ్ల దాకా ఇంకా రాలేదు.