పెట్టని ఇండెక్స్

అమలాపురం నుంచి రావులపాలెం వెళ్లే బస్సులో నా పక్కనున్న యువకుడు ఒళ్లో ల్యాప్‌టాప్ తెరిచి, తెర మీది రెండు గీతలనే చూస్తున్నాడు. పత్రికలో పనిచేసిన అలవాటు కొద్దీ అవేమిటని అడిగాను.

“అల్లవరం రొయ్యల రైతులకి చెరువులో ఆక్సిజన్ ఎంతుందో ఫోన్లో చూపించే యాప్ అండి. సమాచారం దాచి, ఫోనుకి పంపడానికి పద్ధతులు రెండున్నాయి. నేను గ్రాఫ్‌క్యూఎల్‌ అనే దాంతో, డాక్యుమెంట్ల డేటాబేస్ మీద చేసేను. మా ఆఫీసులో సీనియర్ అక్క అదే యాప్‌ని రెస్ట్ ఏపీఐ అనే రెండో దాంతో, పట్టికల డేటాబేస్ మీద చేసేరు. ఏది వేగమో నేనే పరీక్ష పెట్టేను, ఈ గీతలు ఆ రెండింటివే. నాదే నెగ్గిందండి. ఇది రావులపాలెంలో మా కంపెనీ ఓనరు గారికి చూపిస్తే అక్క పని పక్కన పడేస్తారు.”

“నెగ్గేవుగా, మరి ఆ మొహమేమిటి?”

“నా డేటాబేస్‌కి ఇండెక్స్ పెట్టుకున్నానండి. పుస్తకానికి విషయసూచిక ఉన్నట్టు, వెతకడం తేలికవుతుంది. ఆవిడదానికి పెట్టడం మర్చిపోయేను. నిన్న గుర్తొచ్చింది. అయినా బయల్దేరిపోయేనండి. నాకు పని నేర్పింది ఆవిడే.”

ల్యాప్‌టాప్ మూసేశాడు. ఫోన్ తీసి ఆవిడకే చేశాడు.

“అక్కా, పరీక్ష సరిగ్గా చెయ్యలేదండి. మీదానికి ఇండెక్స్ పెట్టలేదు.”

అవతలి గొంతు నాకూ వినిపించింది. “ముందే చెప్పొచ్చు కదరా! నిన్నంతా నా కోడ్‌లో తప్పెక్కడుందా అని వెతుక్కున్నాను. వచ్చెయ్, ఇద్దరం కూర్చుని మళ్లీ పెడదాం.”

కొత్తపేటలో లేచాడు.

“టిక్కెట్టు రావులపాలేనికి కదండీ?” అన్నాడు కండక్టరు.

“ఆయ్. వెనక్కెళ్లాలండి.”

బస్సు కదిలేసరికి రోడ్డు దాటి, అమలాపురం బస్సు కోసం ఎండలో నిలబడి ఉన్నాడు. ఏది నెగ్గిందో నాకిప్పటికీ తెలియదు.