కార్డులో ఉన్నావిడ

“ఈ కార్డులో ఉన్నది మీరు కాదండీ,” అన్నాడు బడి గేటు దగ్గరి వాచ్‌మన్.

టచింగక్క ముందు నవ్వింది. ఎదురుగా నిలువెత్తు మనిషి ఉంటే కాదంటాడేమిటి, కొత్తవాడు కాబోలు అనుకుంది. కళ్లద్దాలు సవరించుకుని, మనవరాలిని ఇంటికి తీసుకెళ్లేందుకు చూపించాల్సిన ఆ కార్డు అందుకుంది. అంతే, పై ప్రాణాలు పైనే పోయాయి. ఫొటోలో ఉన్నావిడ ఎడమ చెంప నున్నగా, తెల్లగా ఉంది.

టచింగక్క ఎడమ చెంప మీద కంటి కింద నుంచి దవడ దాకా నల్లటి మచ్చ. పుట్టుకతో వచ్చింది. అది కనపడకుండా జుట్టు అటువైపు దువ్వుకోవడం ఆమెకు చిన్ననాటి అలవాటు.

టచింగక్క అన్న పేరు ఆమెకు ఊరికే రాలేదు. ఫొటో స్టూడియోలో ఇరవై ఎనిమిదేళ్లుగా టచింగ్ పని ఆమెదే. మొదట్లో సన్న కుంచెతో, తర్వాత కంప్యూటర్ మీద. మొటిమలు, గాట్లు, కళ్ల కింద నలుపు, ఏదైనా ఆమె చేతిలో పడితే మాయం. ఇక సొంత మచ్చను వదులుతుందా? కొడుకు పెళ్లి ఆల్బమ్‌లో తను ఉన్న ప్రతి ఫొటోలోనూ తుడిచాకే ప్రింటుకు పంపింది. కానీ ఈ కార్డు ఫొటోలో ఎప్పుడు తుడిచిందో ఎంత తన్నుకున్నా గుర్తు రావడంలేదు. బుర్రకు చెప్పకుండానే వేళ్లు పని కానిచ్చేశాయి. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే.

గేటు అవతల మనవరాలు సంచీ తగిలించుకుని నిలబడి ఉంది. బడి అయ్యాక పిల్లను సాయంత్రం దాకా చూసుకునే చోట చేర్పిద్దామని కోడలు అంటే, “మూడింటికల్లా నేను తెచ్చుకుంటానుగా,” అని బతిమాలి ఒప్పించింది టచింగక్క. ఇవాళే మొదటి రోజు.

టీచరు వచ్చి, కార్డు పిల్లకు చూపించింది. “ఈమె మీ నానమ్మేనా?”

పిల్ల ఆరిందాలా తల వంచి చూసింది. “కాదు టీచర్.”

పిల్ల గేటు బయటికి వేలు చూపించింది.

“మా నానమ్మ అదిగో, అక్కడుంది. ఈమె ఎవరో నాకు తెలీదు.”

“ఏమీ అనుకోకండమ్మా,” అంది టీచరు. “ఫొటో కలవకపోతే పిల్లని పంపకూడదు. మీ అబ్బాయికి ఫోన్ చేస్తాను.”

కొడుకు వచ్చేసరికి గంట పట్టింది. ఆ గంటా ఆమె గేటు బయట కొయ్యబారి నిలబడింది. ఐదేళ్లుగా తన ఒళ్లో పడుకున్న పిల్ల తన ఫొటోను గుర్తుపట్టలేదు. మరి ఇన్నేళ్లూ ఎవరి ఫొటోలు ఇంటి గోడలకు తగిలించినట్టు?

కొడుకు కార్డు చూశాడు. అతని ముఖంలో ఆశ్చర్యం లేకపోవడం ఆమెకు ఇంకో దెబ్బ.

“నీకు ముందే తెలుసా?”

“ఇంట్లో ఫొటోలన్నీ ఇలాగే ఉంటాయి కదమ్మా. నీకు అదే ఇష్టమని ఊరుకున్నాం.”

అందరికీ తెలుసు. ఆమె దాచాననుకుంటోంది, వాళ్లు చూడనట్టు ఉంటున్నారు. సిగ్గుతో చచ్చిపోయింది.

మర్నాడు స్టూడియోలో జుట్టు చెవి వెనక్కి దోపి కూర్చుంది. యజమాని ఫొటో తీసి కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. పెద్ద తెర మీద తన ముఖం. చెయ్యి మౌస్ వైపు దానంతటదే సాగింది. రెండో చేత్తో దాన్ని పట్టుకుని ఆపి, తలెత్తి చూసింది. ఎన్నో ఏళ్ల తర్వాత కుదురుగా చూసింది.

చూస్తే గుండె ఆగిపోతుందనుకుంది. ఆగలేదు. ముక్కుంది, కళ్లున్నాయి, నవ్వితే పడే ముడతలున్నాయి, వాటి పక్కన మచ్చా ఉంది. ఇంతేనా? దీనికా ఇన్నేళ్లు భయపడి చచ్చింది? నవ్వొచ్చింది, వెంటనే తన మీద తనకే ఒళ్లు మండింది.

యజమాని నసిగాడు. “అక్కా, ఇలాగే ప్రింటుకి ఇచ్చెయ్యమంటావా?”

“ఇచ్చెయ్యి తమ్ముడూ. నేను పిల్లని తెచ్చుకోవాలి.”

మూడింటికి, బడి ఆఫీసులో ఆ ఫొటో అంటించి ఇచ్చిన కొత్త కార్డును వాచ్‌మన్ చూశాడు, ఆమెను చూశాడు, గేటు తీశాడు. మచ్చ గురించి ఏమైనా అంటాడేమోనని ఆమె కాచుకుని నిలబడితే, “పాప నీళ్ల సీసా బెంచీ మీద మరిచిపోయింది చూడండి,” అన్నాడు.

దారిలో మనవరాలు కార్డు లాక్కుని అటూ ఇటూ తిప్పింది.

“నిన్నటి ఆవిడ ఏది నానమ్మా?”

“వెళ్లిపోయింది.”

“మళ్లీ రాదా?”

“రాదమ్మా,” అంది టచింగక్క. ఇరవై ఎనిమిదేళ్లు తన చేత్తో దిద్ది పోషించిన మనిషి పోతే కాస్తయినా బెంగ ఉండాలి కదా. వెతికి చూసుకుంది. ఎక్కడా లేదు.