గుండెకు ఫిట్‌నెస్ పరీక్ష

స్పానరయ్య అసలు పేరు భార్యకు తప్ప ఎవరికీ గుర్తులేదు. ముసలి లారీలన్నీ అతని మరమ్మతు షెడ్డు మీదుగానే రవాణాశాఖ ఫిట్‌నెస్ పరీక్షకు వెళ్లేవి. ముందురోజు నల్లపొగ తగ్గించి, మోతలు అణచి, ఎలాగోలా గట్టెక్కించేవాడు. ఆ తర్వాత బండి ఎక్కడ మొరాయించినా అది డ్రైవరు ఖర్మ.

అలాంటివాడు ఓ ఉదయం జాకీ తిప్పుతూ ఛాతీ పట్టుకుని కూలబడ్డాడు. ఆసుపత్రిలో ఈసీజీ, రక్తపరీక్షలు బాగానే వచ్చాయి. అయినా డాక్టరమ్మ వదల్లేదు.

"రెండు దారులున్నాయి. సీటీ స్కాన్‌లో అయితే గుండె రక్తనాళాల్లో అడ్డేమైనా ఉందేమో కనిపిస్తుంది. స్ట్రెస్ ఎకోలో అయితే ట్రెడ్‌మిల్ మీద నడిపించి, బరువు పడ్డప్పుడు గుండె ఎలా పనిచేస్తోందో చూస్తాం."

"బండిని ఎత్తెక్కించినట్టు చూడటమే నయం," అన్నాడు స్పానరయ్య, తన బండ్లకు ఏనాడూ ఆ మర్యాద చెయ్యని పెద్దమనిషి.

గుండెను నిదానం చేసే బీపీ మాత్రలు వేసుకుంటే ఈ పరీక్ష సరిగా రాదని నర్సు హెచ్చరించి వెళ్లింది. స్పానరయ్య చెవికి అది ఉపాయంలా వినిపించింది. గుండెలో లోపం తేలితే షెడ్డు మూసుకోవాలని అతని భయం. భార్య రోజూ వేసుకునేవి సరిగ్గా అలాంటి మాత్రలే, ఆవిడ చేతిసంచిలో ఉన్నాయి. ఆవిడ మంచినీళ్లకు వెళ్లగానే ఒకటి గుటుక్కున మింగేశాడు.

ట్రెడ్‌మిల్ మీద కాళ్లు పీకుతున్నా గుండె మాత్రం తాపీగా కొట్టుకుంది. "వేగం అందుకోవట్లేదే. మాత్రేమైనా వేసుకున్నారా?" అంది డాక్టరమ్మ. గుమ్మంలో నిలబడ్డ భార్య సంచి తెరిచి మాత్రల అట్టలో ఒకటి తక్కువైందని చూసుకుంది. ఇక దాచడానికేం మిగల్లేదు.

"ఈ పరీక్ష లెక్కలోకి రాదు," అంది డాక్టరమ్మ. "ఒకరి మందు ఇంకెప్పుడూ మింగకండి. సీటీకి మాత్రం గుండె నిదానంగా ఉండటమే కావాలి. అదే చేద్దాం."

బొమ్మ స్పష్టంగా వచ్చింది. పెద్ద నాళంలో ఒకచోట దారి బాగా సన్నబడింది. స్టెంటు వేస్తే సరిపోతుందన్నారు.

భార్య మంచం పక్కన కూర్చుని ఏడ్చింది. "పాసైతే చాలనుకున్నారు. ఇంటికొచ్చాక మెట్ల మీద పడిపోయుంటే నేనేమైపోవాలి?" స్పానరయ్యకు సిగ్గేసింది. ఏడుపూ వచ్చింది.

కోలుకుని షెడ్డుకు వచ్చిన రోజే ఒక డ్రైవరు బండి తెచ్చాడు. "రేపే పరీక్ష. బ్రేకు మోత వినపడకుండా చెయ్యన్నా, చాలు."

స్పానరయ్య తాళాలు తీసుకుని జేబులో వేసుకున్నాడు.

"బ్రేకులు విప్పి చూసేదాకా బండి కదలదు," అన్నాడు. "ఇంట్లో ఎవరెవరుంటారు నీకు?"