సోమవారం గడిలో మైనస్ ఇరవై

పోయినవాటితో మొదలుపెడతాను. పన్నెండు చిన్న సీసాలు. పద్నాలుగు నెలలు. ఐదు ప్రయోగాలు, ఐదూ వృథా. ఒక అమ్మాయి పరిశోధన. ఆరేళ్లుగా ఈ బరువు నాలోనే ఉంది, ఇంట్లోవాళ్లకి కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

గుంటూరులో మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో పంతొమ్మిదేళ్లు గుమస్తాగా చేశాను. పదో తరగతి తప్పాను, లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. అంకె తప్పని మనిషినన్న పేరుతోనే ఒక కాలేజీ ల్యాబులో పని దొరికింది. రోజూ పొద్దున ఫ్రీజర్ మీది అంకె చూసి రిజిస్టరులో రాయాలి. అంతే.

ఆ ఫ్రీజర్‌లో రజియా సీసాలు ఉండేవి. సత్తెనపల్లి అమ్మాయి, రోగనిరోధక కణాల మీద పరిశోధన చేసేది. సీసాల్లో ఉన్నది ఇంటర్‌ల్యూకిన్-2. ఒంట్లో ఆ కణాలు ఒకదానికొకటి కబురు పంపుకునే ప్రోటీను. మనిషి జన్యువును బ్యాక్టీరియాలో పెట్టి తయారుచేస్తారట. అది అందకపోతే గాజుపళ్లెంలో కణాలు పెరగవు.

స్టోరేజీలో కరెంటు పోతే రిజిస్టరులో పాత అంకే వేసేవాళ్లం. వేల బస్తాలు చల్లబడి ఉన్న గది, తలుపు తీయకపోతే ఒక పూటలో వేడెక్కదు. అది అబద్ధమని మాలో ఎవరికీ అనిపించలేదు.

రెండు రోజుల సెలవు తర్వాత సోమవారం నేను వెళ్లేసరికి ఫ్రీజర్ స్విచ్ పడిపోయి ఉంది. పైకి వేశాను. అంకె వెలిగింది: ప్లస్ పదకొండు. అది లోపలి గాలి వేడే అయ్యుంటుంది, తలుపు ఎవరూ తీయలేదుగా, సీసాల చలి ఎక్కడికి పోతుంది అనుకున్నాను. శని, ఆది, సోమ, మూడు గడుల్లోనూ మైనస్ ఇరవై వేశాను. మిరపకాయ చెడితే రంగు చెబుతుంది, వాసన చెబుతుంది. ఆ సీసాల్లో నీళ్లలాంటి చుక్క మళ్లీ గడ్డకట్టి ఎప్పటిలాగే కనిపించింది.

వారం తర్వాత వాటి పెట్టెలోని ఇంగ్లీషు కాగితం కూడబలుక్కుని చదివాను. కరిగినదాన్ని తిరిగి గడ్డకట్టించకూడదని ఉంది. అప్పటిదాకా చేసింది తెలియనితనం. ఆ తర్వాతది ఏమిటి? ఆ మాట మీరే అనుకోండి.

ఐదో ప్రయోగం పోయాక రజియా నా దగ్గరికి వచ్చింది.

“బాబాయ్, ఫ్రీజర్ ఎప్పుడన్నా ఆగిందా?”

“రిజిస్టర్ చూసుకో అమ్మా.”

“చూశాలే. గుప్పెడు మిరపకాయలు తగ్గినా బస్తా దించనివ్వరంటగా మీరు. మీ అంకెని అనుమానిస్తే కళ్లుపోతాయి.” నవ్వింది. “అయితే నా చేతులదే తప్పు.”

నిజం దాచి రిజిస్టరు మూశాను. ఎందుకు? ఉద్యోగం పోతుందనా? కాదు. అంకె తప్పని మనిషి అనే ఆ పాడు పేరు పోతుందని. ఆ పేరు కోసం ఒక పిల్ల తన చేతుల్ని తానే అనుమానించుకుంటుంటే చూస్తూ నిలబడ్డాను. ఆమె పరిశోధన చూసే గైడు గారు అందరి ముందూ ఆమెకి పని చేతకాదన్నారు. నేను పక్కనే పెన్ను పట్టుకుని ఉన్నాను. నా మీద నాకు వచ్చినంత కోపం ఇంకెవరి మీదా రాలేదు. ఆయన మీదా ఉంది. అమ్మాయిని ఐదుసార్లు తప్పుపట్టిన మనిషి రిజిస్టరుని ఒక్కసారీ తప్పుపట్టలేదు.

రజియా పరిశోధన మానేసింది. ఇప్పుడు అద్దంకిలో ఇంటర్ పిల్లలకి పాఠాలు చెబుతోంది.

ఇది రాస్తుంటే ఊపిరి కాస్త ఆడుతోంది. అందుక్కూడా కోపమే, నాకెందుకు ఆడాలి?

రిజిస్టరు ఇంకా ల్యాబు బీరువాలో రెండో అరలో ఉంది. సోమవారం గడిలో నా దస్తూరీ. అక్కడ ఉండాల్సింది ప్లస్ పదకొండు.