వాసన లేని డ్రమ్ములు

ఇస్నాపూర్‌లో నూరుద్దీన్‌ది పాత డ్రమ్ముల షెడ్డు. కెమికల్ ఫ్యాక్టరీల్లో ఖాళీ అయిన నీలం డ్రమ్ములు తెచ్చి, సోడా వేసి కడిగి, ఎండబెట్టి అమ్ముతాడు. అక్కడ గది కిరాయికి తీసుకున్నవాళ్లు మంచం కంటే ముందు డ్రమ్ము కొంటారు, ట్యాంకర్ నీళ్లు పట్టుకోవాలి కాబట్టి. కొనేవాళ్లు డ్రమ్ములో తల పెట్టి వాసన చూస్తారు. నూరుద్దీన్ కూడా అంతే. వాసన పోతే డ్రమ్ము శుభ్రమైనట్టు.

ఒక ఫ్యాక్టరీ డ్రమ్ములకు మాత్రం షరతు వేరు. వాటిని కోసి తుక్కుకు పంపాలి. ఆ కోత కాంట్రాక్టు నూరుద్దీన్‌దే. ఎండాకాలం గిరాకీ పెరిగినప్పుడు కొన్నిటిని కోయకుండా కడిగి ఉంచేవాడు. వాటికి మొదటినుంచీ వాసనే లేదు. మంచి డ్రమ్ములు కదా అని, తెలిసినవాళ్లకే ఇచ్చేవాడు. ఒకటి సొంతింట్లో ఉంది, ఒకటి ఎదురింటి కౌసల్య వాకిట్లో.

మొన్న ఆ ఫ్యాక్టరీకి విదేశీ తనిఖీ బృందం వచ్చింది. రసాయన ఆయుధాలను నిషేధించిన ఒప్పందం ప్రకారం వచ్చే బృందం అది. అందులో ఒకామె ఖాళీ డ్రమ్ములు చూపించి, ఇవి ఎటు పోతాయని అడిగింది. సేఫ్టీ ఆఫీసర్ రాజశేఖర్ నూరుద్దీన్‌ను పిలిచి ఆ ప్రశ్న తెలుగులో అడిగాడు.

"అన్నీ కోస్త సార్," అన్నాడు నూరుద్దీన్.

ఆమె తలూపి ముందుకు కదిలింది.

బృందం వెళ్లాక నూరుద్దీన్ గేటు దగ్గర రాజశేఖర్‌ను పట్టుకున్నాడు. "ఖాళీ డ్రమ్ములతోని వాళ్లకేం పని సార్?"

"అండ్ల ఉండేది మనం ఇంకుల తయారీకి అమ్మే సరుకే భాయ్. కానీ దాంతోని ఒళ్లు బొబ్బలెక్కే గ్యాస్ గూడ జేయొచ్చు, యుద్ధంల వాడేది. అందుకే ఎంత జేసినం, ఎటువోయింది అని అడుగుతరు."

"దానికి వాసనే రాదు గద!"

"వాసన రాకుంటే సరుకు లేనట్టేనా? ముక్కుతోని తనిఖీ జేస్తున్నవా ఏంది?" రాజశేఖర్ నవ్వాడు. "డ్రమ్ముల మిగిలిన తడితోని గ్యాస్ ఏం గాదు గానీ, అండ్ల నీళ్లు మాత్రం తాగొద్దు."

ఇంటికొచ్చి నూరుద్దీన్ డ్రమ్ము వంచి నీళ్లన్నీ పారబోశాడు. బియ్యం కడుగుతున్న భార్య నజీరా లేచి వచ్చింది.

"దివానా అయినవా? ట్యాంకర్ రేపు గద వచ్చేది!"

"ఈ నీళ్లు తాగొద్దు."

"ఇన్ని దినాలు తాగినం గద."

"నాకు తెల్వక తాపిన," అంటూ రంపం అందుకున్నాడు.

తర్వాత కౌసల్య ఇంటికి వెళ్లాడు. సంగతి విని ఆమె డ్రమ్ముకు అడ్డంగా నిలబడింది.

"పాలు వోసినా ఇరగయక్కా అని అంటగడితివి. ఇప్పుడు ఇషమంటున్నవ్. ఎవలన్న ఎక్కువకు అడిగిండ్రా?"

"లేదక్కా. కోసేస్త."

"కోసుడు తర్వాత. మా కోడలు నీళ్లు వోసుకున్నది. పెండ్లైనకాంచి రుచిత గీ నీళ్లే తాగుతున్నది. దానికేమన్న అయితదా? గది చెప్పు ముందు."

నూరుద్దీన్‌కు తెలియదు. చెప్పగలిగినవాళ్లు ఫ్యాక్టరీలో ఉన్నారు. వాళ్లను అడగాలంటే తనిఖీలో అబద్ధం చెప్పానని ఒప్పుకోవాలి. కాంట్రాక్టు పోతుంది.

పొద్దున్నే రాజశేఖర్‌ను కలిశాడు. రాజశేఖర్ ఈసారి నవ్వలేదు.

"ఎవరెవరికి ఇచ్చినవ్?"

నూరుద్దీన్ మొదట తన ఇల్లు చెప్పాడు, తర్వాత కౌసల్య ఇల్లు, ఆపైన గుర్తున్నవన్నీ.

ఆ రోజే కాంట్రాక్టు తీసేశారు. తనిఖీలో చెప్పిన మాట తప్పని ఫ్యాక్టరీ పై అధికారులకు రాసింది. ఆ ఇళ్ల డ్రమ్ముల్లో నీళ్లు పరీక్షకు పంపి, రుచితను కంపెనీ డాక్టరుకు చూపించారు. భయపడాల్సింది ఇప్పటికేమీ కనిపించలేదని, కాన్పు దాకా చూపించుకుంటూ ఉండమని డాక్టరు చెప్పాడు.

ఆ సాయంత్రం నూరుద్దీన్ రంపంతో మళ్లీ వచ్చాడు. కౌసల్య డ్రమ్ము కదలకుండా రెండు చేతులతో పట్టుకుంది. కోత పూర్తయ్యేదాకా అతన్ని తిడుతూనే ఉంది.