అంటార్కిటికా నుంచి ఆదివారం ఫోను

నిన్న పొద్దున ఇడ్లీ పొయ్యి మీద పెట్టానో లేదో ఫోన్ మోగింది. మా మరిది రాంబాబు ఇక లేడట. హార్ట్ ఎటాక్. అతని బావమరిది చెప్పాడు.

పొయ్యి ఎవరు ఆపారో కూడా తెలియదు నాకు.

మీలో చాలామందికి అతను కృష్ణదేవిపేట రోడ్డులో జనరేటర్లు బాగుచేసే రాంబాబుగానే తెలుసు. తొంభైల్లో ఒక ఏడాదికి పైగా అంటార్కిటికాలో, మన దేశపు రీసెర్చ్ స్టేషన్‌లో పనిచేశాడు. అక్కడా జనరేటర్ మెకానిక్కే. పాతికమంది మనుషులు, చుట్టూ మంచు. చలికాలం మొదలైతే రెండు నెలలు సూర్యుడే కనబడడట. మళ్ళీ ఓడ వచ్చేదాకా ఎవరూ కదలలేరు.

ఆ చలికాలంలోనే, అంటే మనకి ఎండలు పోయి వానలొచ్చే రోజుల్లో, ఇక్కడ మా అత్తగారు పోయారు.

చెప్పినా రాలేడు, అక్కడ కుమిలిపోతాడు, వచ్చేదాకా దాచమన్నారు మావారు.

ఆదివారం శాటిలైట్ ఫోన్ వస్తే నేనే ఎత్తేదాన్ని. చెప్పిన అబద్ధమే మళ్ళీ చెప్పకుండా క్యాలెండర్ వెనక రాసుకున్నాను. అత్తగారు ఒక వారం గుడికి. ఒక వారం రోలుగుంటలో చెల్లెలింటికి. ఒక వారం పాయకరావుపేట పెళ్ళికి.

ఒకసారి తడబడి "డాబా మీద వడియాలు పెడుతున్నారు" అనేశాను.

అది ఆషాఢం. మూడు రోజులుగా ఒకటే ముసురని అంతకు నిమిషం ముందు నేనే చెప్పాను.

అతను "సరే వదినా, జాగర్త" అని పెట్టేశాడు.

ఆ తర్వాత కూడా ప్రతి వారం "అమ్మేటి సేస్తంది?" అని అడుగుతూనే ఉన్నాడు. నేను చెబుతూనే ఉన్నాను.

తిరిగొచ్చిన రోజు గుమ్మంలోనే విషయం చెప్పబోయాను. అతనే అందుకున్నాడు.

"తెలుసు వదినా. ముసురులో వడియాలెవులెడతారు?"

"మరి ఎందుకు అడగలేదు?"

"అడిగితే నువ్వు సెప్పేద్దువు. నడిసొచ్చీ దారి లేదు. నువ్వు అబద్దమాడినంత సేపూ అమ్మ ఏదో ఓ ఊర్లో ఉన్నట్టే ఉండీది."

ఇద్దరం ఆ గుమ్మంలోనే కూర్చుని ఏడ్చాం.

తర్వాత ఏ వాన పడినా షాపు నుంచి ఫోన్ చేసి "వదినా, వడియాలెట్టీసేవా?" అని ఏడిపించేవాడు.

నిన్న మాత్రం నాకెవరూ ఏమీ దాచలేదు. ఒక్క ముక్కలో చెప్పేశారు.

కొన్నాళ్ళు నాకూ ఎవరైనా అబద్ధం చెప్పి ఉంటే బాగుండును.

వెళ్ళిరా రాంబాబూ.
చలి లేని చోట, మీ అమ్మ పక్కన, నిశ్చింతగా పడుకో.